సైన్స్ ఫిక్షన్ రోల్ ప్లేయింగ్ ఆట

సైన్స్ ఫిక్షన్ రోల్ ప్లేయింగ్ ఆట అనగా కొందరు ఒకచోట కూర్చుని, మాటల ద్వారా, పాచికల సహాయంతో ఒక వైజ్ఞానిక కల్పిత కథను కలసి నడిపించే ఆట. ఇందులో ఒకరు నిర్వాహకునిగా వ్యవహరిస్తారు. మిగిలినవారు ఒక్కొక్క పాత్రను ధరిస్తారు. ఈ ఆటకు కంప్యూటరు అవసరం లేదు. కాగితాలు, పెన్సిళ్ళు, పాచికలు ఉంటే చాలు. ఈ వ్యాసంలో ఆట స్వరూపం, చరిత్ర, కొత్తవారితో మొదటిసారి ఆడించే పద్ధతి వివరించబడినవి.

ఆట స్వరూపం

వైకుంఠపాళిలో పావు ఎక్కడికి వెళ్ళాలో పాచిక నిర్ణయిస్తుంది. ఆటగాడు చేయగలిగినది ఏమీ ఉండదు. రోల్ ప్లేయింగ్ ఆటలో ఇందుకు భిన్నంగా ఏమి చేయాలో ఆటగాడే నిర్ణయిస్తాడు. ఆ పని ఫలించునో లేదో చెప్పలేని సందర్భంలో మాత్రమే పాచికలు వేస్తారు. నాటకంలో వలె పాత్రలు ఉన్నప్పటికీ ముందుగా రాసిన సంభాషణలు ఉండవు.

నిర్వాహకుడు పరిస్థితిని వర్ణించి, "మీరేం చేస్తారు?" అని అడుగుతాడు. ఆటగాళ్ళు తమ పాత్రల తరఫున సమాధానం చెబుతారు. దాని ఫలితాన్ని నిర్వాహకుడు చెబుతాడు. కొత్త పరిస్థితి ఏర్పడుతుంది. ఆట మొత్తం ఈ మూడు మెట్ల మీదనే నడుస్తుంది. సాధారణంగా ఇందులో ఒకరు గెలవడం, మరొకరు ఓడడం ఉండదు.

ప్రతి ఆటగాని వద్ద ఒక పాత్ర పత్రం ఉంటుంది. అందులో పాత్ర పేరు, వృత్తి, శారీరక మానసిక సామర్థ్యాలు, నేర్చిన నైపుణ్యాలు, వెంట ఉన్న వస్తువులు రాసుకుంటారు.

చరిత్ర

అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వెలువడింది. అచ్చులో అమ్మకానికి వచ్చిన మొదటి రోల్ ప్లేయింగ్ ఆటగా దీనిని పరిగణిస్తారు. దీని ఇతివృత్తం మంత్రాలు, రాక్షసులు, నేలమాళిగలు. రెండేళ్ళకే ఈ పద్ధతి సైన్స్ ఫిక్షన్‌కు విస్తరించింది.

* మెటమార్ఫసిస్ ఆల్ఫా (1976): జేమ్స్ ఎం. వార్డ్ రచన. తరాల తరబడి ప్రయాణించే వార్డెన్ అనే అంతరిక్ష నౌక ఇందులో రంగస్థలం. ఒక ఘోర ప్రమాదం తరువాత నౌకలో మిగిలినవారి వారసులకు తాము నౌకలో ఉన్న సంగతే తెలియదు.
* ట్రావెలర్ (1977): మార్క్ మిల్లర్ రచన. గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ అనే సంస్థ మూడు చిన్న నల్ల అట్టల పుస్తకాలుగా ప్రచురించింది.
* గామా వరల్డ్ (1978): మహా వినాశనం తరువాతి భూమి ఇందులోని నేపథ్యం.
* స్టార్ ఫ్రాంటియర్స్ (1982): డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను వెలువరించిన టి.ఎస్.ఆర్. సంస్థ ప్రచురణ. మానవులతో పాటు మూడు గ్రహాంతర జాతుల పాత్రలను ఇందులో ధరించవచ్చు. పదిముఖాల పాచికలు వాడుతారు.
* స్టార్ వార్స్ (1987): ప్రసిద్ధ చలనచిత్రాల ఆధారంగా వెస్ట్ ఎండ్ గేమ్స్ ప్రచురించిన ఆట. ఆరుముఖాల పాచికలు సరిపోతాయి.
* లేజర్స్ అండ్ ఫీలింగ్స్ (2013): జాన్ హార్పర్ రచన. నియమాలన్నీ ఒకే పేజీలో ఉంటాయి.

వీటిలో ట్రావెలర్ ప్రభావం విస్తృతమైనది. ఇందులో పాత్ర పద్దెనిమిదేళ్ళ వయసులో నౌకాదళం, వర్తకం వంటి ఏదో ఒక కొలువులో చేరి, నాలుగేసి సంవత్సరాల చొప్పున పనిచేసి, అనుభవం గడించిన తరువాత అసలు ఆటలోకి ప్రవేశిస్తుంది. మొదటి ముద్రణ నియమాల ప్రకారం ఈ కొలువు కాలంలో పాచిక అనుకూలించకపోతే పాత్ర ఆట మొదలు కాకముందే మరణించేది. మాంగూస్ సంస్థ 2008లో వెలువరించిన ముద్రణలో మరణానికి బదులు ఒక దుర్ఘటన జరిగి పాత్ర కొలువు కోల్పోతుంది.

ట్రావెలర్ లోకంలో ఒక నక్షత్రం నుండి మరొక నక్షత్రానికి చేసే ఒక్కొక్క గెంతుకు సుమారు వారం రోజులు పడుతుంది. వార్త కూడా నౌకలోనే ప్రయాణించాలి, అంతకంటే వేగంగా పంపే సాధనం లేదు. అందువలన ఆపదలో ఉన్నవారు రాజధానిని అడిగి నిర్ణయం తీసుకోవడం కుదరదు. ఒకే ఒక్క సాంకేతిక నియమం వలన నిర్ణయ భారం ఆటగాళ్ళ మీద పడుతుంది. మంచి సైన్స్ ఫిక్షన్ ఆటకు ఇది చక్కని నిదర్శనం.

పాచికలు, అవకాశాలు

ట్రావెలర్‌లో వైకుంఠపాళి పెట్టెలో దొరికే మామూలు ఆరుముఖాల పాచికలు రెండు చాలు. మాంగూస్ ముద్రణలో రెండు పాచికల మొత్తానికి పాత్ర నైపుణ్యాన్ని, సంబంధిత సామర్థ్యం వలన వచ్చే అంకెను కలుపుతారు. ఫలితం 8 లేదా అంతకు మించితే సాధారణమైన పని నెరవేరినట్లు. రెండు పాచికలు 36 విధాలుగా పడవచ్చు. వాటి ప్రకారం అవకాశాలు ఇలా ఉంటాయి:

* 6 లేదా అంతకు మించి: 36లో 26 (సుమారు 72 శాతం)
* 7 లేదా అంతకు మించి: 36లో 21 (సుమారు 58 శాతం)
* 8 లేదా అంతకు మించి: 36లో 15 (సుమారు 42 శాతం)
* 10 లేదా అంతకు మించి: 36లో 6 (సుమారు 17 శాతం)

అనగా ఏమీ కలవనప్పుడు సాధారణమైన పని కూడా సగానికి పైగా సార్లు విఫలమవుతుంది. నైపుణ్యం 2 ఉన్న పాత్ర 6 వేస్తే చాలు కనుక నాలుగింట దాదాపు మూడు సార్లు నెగ్గుతుంది. ఒకే పనికి వరుసగా మూడుసార్లు 8 వేయమంటే మూడూ నెగ్గే అవకాశం సుమారు 7 శాతం మాత్రమే. తలుపు తెరవడానికి ఒకసారి, లోపలికి వెళ్ళడానికి ఒకసారి, కాగితం చదవడానికి ఒకసారి పాచిక వేయించే నిర్వాహకుడు తెలియకుండానే కథను ఆపివేస్తాడు.

మొదటి ఆటలో ఎదురయ్యే ఇబ్బందులు

మంత్రాల లోకంలో కోట, కత్తి, గుర్రం అందరికీ తెలిసినవే. అంతరిక్ష నౌకలో ఏమి ఉంటుందో, ఏమి చేయవచ్చునో కొత్తవారికి తెలియదు. "ఏం చేస్తారు?" అని అడిగినప్పుడు వారు మౌనంగా ఉండిపోవడానికి ఇదే ముఖ్య కారణం. దానిని నివారించడానికి నిర్వాహకుడు గ్రహాల చరిత్ర, ఇంజన్ల వివరాలు గంటసేపు వివరించడం మరొక పొరపాటు. అప్పుడు ఆట ఉపన్యాసంగా మారుతుంది.

భౌతిక శాస్త్రం బాగా తెలిసినవారే ఈ ఆటను నిర్వహించగలరన్నది అపోహ. నిర్వాహకునికి కావలసినది తన లోకంలో ఏది సాధ్యం, ఏది అసాధ్యం అన్న స్పష్టత, దానిని చివరివరకు మార్చకుండా ఉండడం. అందువలన మొదటి ఆటకు తెలిసిన లోకంలో ఒకే ఒక కొత్త విషయాన్ని ప్రవేశపెట్టడం సులభమైన మార్గం. సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991లో వచ్చిన ఆదిత్య 369 చిత్రంలో కొత్త విషయం కాలయంత్రం. మిగిలిన కథంతా దాని వలన కలిగిన పర్యవసానమే.

నిర్వహణ పద్ధతి

* ఆటగాళ్ళు: ముగ్గురి నుండి ఐదుగురి వరకు ఉంటే ప్రతివారికీ మాట్లాడే అవకాశం దొరుకుతుంది.
* సమయం: రెండు మూడు గంటలలో ముగిసే కథను ఎంచుకోవాలి. అసంపూర్తిగా ఆగిన మొదటి ఆట తరచుగా మళ్ళీ మొదలు కాదు.
* ముందస్తు మాట: కథ ఏ తరహాదో, ఏ విషయాలు వద్దో అందరూ కలసి ముందే మాట్లాడుకోవాలి. ఎవరికైనా ఇబ్బంది కలిగితే తాకి చూపడానికి గుణకారపు గుర్తు వేసిన ఒక కార్డును మధ్యలో ఉంచుతారు. దీనిని ఎక్స్ కార్డు అంటారు. దానిని తాకినవారిని కారణం అడగరు.
* పాత్రలు: పూర్తి నియమాలతో పాత్రలను తయారు చేయడానికి చాలా సమయం పడుతుంది. మొదటిసారికి నిర్వాహకుడు సిద్ధం చేసిన పాత్రలను ఇచ్చి, పేరు, ఒక కోరిక, ఒక భయం మాత్రం ఆటగాళ్ళను రాసుకోమనవచ్చు.
* నియమాలు: ముందుగా అన్నీ చెప్పనవసరం లేదు. అవసరం వచ్చినప్పుడు ఒక్కొక్కటి చెప్పాలి.
* ఆధారాలు: కథ ముందుకు సాగడానికి తప్పనిసరి అయిన సమాచారాన్ని పాచికకు వదలరాదు. వెదికినవారికి అది దొరకాలి. ఎంత త్వరగా, ఎంత నష్టంతో దొరుకుతుందన్నదే పాచిక చెప్పాలి.
* వైఫల్యం: "జరగలేదు" అని ఊరుకోకుండా, పరిస్థితి ఎలా మారిందో చెప్పాలి.
* మౌనం: ఎవరైనా మాట్లాడకపోతే వారి పాత్ర పేరు పెట్టి పిలిచి, రెండు మూడు మార్గాలు సూచించి, ఏది ఎంచుకుంటారో అడగాలి.

ఉదాహరణ కథావస్తువు: పొలంలో పెట్టె

హైదరాబాదులోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం పలుచని పాలిథీన్‌తో చేసి హైడ్రోజన్ నింపిన భారీ బెలూన్ల ద్వారా శాస్త్ర పరికరాలను 30 కిలోమీటర్లకు పైబడిన ఎత్తుకు పంపుతుంది. ప్రయోగం ముగిసిన తరువాత పరికరాలు పారాచూట్‌తో తెలంగాణ, మహారాష్ట్ర, కర్ణాటక పొలాలలో దిగుతాయి. కొన్నింటిలో ప్రమాదకరమైన హై వోల్టేజి ఉండవచ్చు కనుక ముట్టుకోకుండా దగ్గరి పోలీసు స్టేషనుకు తెలపవలసిందిగా ప్రకటనలు వెలువడుతాయి. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా మర్పల్లి మండలం మొగిలిగుండ్లలో ఒక పెద్ద వింత వస్తువు దిగగా జనం గుమికూడారు. అది హైదరాబాదు నుండి బెలూన్ ద్వారా పంపిన ప్రయోగపు పెట్టె అని తరువాత తెలిసింది.

ఈ వాస్తవం ఆధారంగా ఒక మొదటి ఆటను కల్పించవచ్చు. రంగస్థలం సంగారెడ్డి జిల్లాలోని నారాయణఖేడ్ పరిసరాలలో ఒక కంది పొలం. పాత్రలు సైన్సు ఉపాధ్యాయురాలు, కరెంటు లైన్‌మన్, ఆటో డ్రైవరు, ఇంటర్ విద్యార్థి. రాత్రివేళ తెల్లని పారాచూట్‌తో ఒక పెట్టె దిగుతుంది. కొత్త విషయం ఒక్కటే: పెట్టెలోని యంత్రం నమోదు చేసిన చివరి తేదీ ఇంకా రాలేదు. ఆ తేదీన అదే పొలంలో పిడుగు పడినట్లు కూడా అందులో ఉంటుంది. పొలం యజమాని ఆ రోజు కూలీలను పిలిచి ఉన్నాడు.

ఆట ఈ విధంగా నడవవచ్చు:

నిర్వాహకుడు: పెట్టె మీద ఎర్ర అక్షరాలతో హెచ్చరిక ఉంది. లోపలి నుండి గుయ్‌మని సన్నని శబ్దం వస్తోంది. ఏం చేస్తారు?
లైన్‌మన్: దగ్గరికి పోయి టెస్టర్ పెట్టి చూస్త.
ఉపాధ్యాయురాలు: ఆగన్నా, ముట్టకు! ముందు అందరినీ దూరం జరుపుదాం.
లైన్‌మన్: సరే మేడం, మీరు జరపండి. నేను చేతికి గ్లౌజు వేసుకుంటున్న.
నిర్వాహకుడు: పాచికలు వేయండి. విద్యుత్ పనిలో మీ నైపుణ్యం 2.
లైన్‌మన్: 5, 2. మొత్తం 9.
నిర్వాహకుడు: ఎటువైపు తీగలో కరెంటు ఉందో కనిపెట్టారు. రెండవ వైపు మూత ప్రమాదం లేకుండా తెరుచుకుంటుంది.

లైన్‌మన్‌కు 8 రాకపోయినా మూత తెరుచుకుంటుంది, కాని టెస్టర్ కాలిపోవచ్చు లేదా చేతికి షాక్ తగలవచ్చు. తేదీ సంగతి మాత్రం ఆటగాళ్ళకు తెలిసి తీరాలి. ఆ తరువాత వారు పోలీసులకు చెప్పవచ్చు, శాస్త్రవేత్తలను పిలవవచ్చు, పెట్టెను దాచవచ్చు, కూలీలను ఆపడానికి ప్రయత్నించవచ్చు. చెప్పినా నమ్మేవారు ఉంటారా అన్నదే కథలోని చిక్కు. నిర్వాహకుడు ముగింపును ముందుగా నిర్ణయించరాదు. పొలం, ఊరు, పోలీసు స్టేషను అనే మూడు చోట్లను, యజమాని, కానిస్టేబులు, శాస్త్రవేత్త అనే ముగ్గురు వ్యక్తులను సిద్ధం చేసుకుంటే చాలును.

భాష

ప్రసిద్ధమైన సైన్స్ ఫిక్షన్ ఆటల నియమ పుస్తకాలు మొదట ఆంగ్లంలో వెలువడినవి. అయితే నియమాలను నిర్వాహకుడు చదివితే చాలు, ఆట ఏ భాషలోనైనా నడుస్తుంది. కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న నారాయణఖేడ్ ప్రాంతంలో తెలుగుతో పాటు కన్నడ, మరాఠీ, ఉర్దూ కూడా వినిపిస్తాయి. అక్కడి ఆటగాళ్ళు తమ పాత్రలను తమ ఇంటి భాషలో మాట్లాడించవచ్చు. అలవాటైన మాటలలో ఆడినప్పుడు కొత్తవారి బిడియం త్వరగా తగ్గుతుంది.

ఏక పత్ర ఆట

పెద్ద పుస్తకాలు చదవలేనివారికి లేజర్స్ అండ్ ఫీలింగ్స్ అనుకూలమైనది. ఇందులో ప్రతి పాత్రకు 2 నుండి 5 వరకు ఒకే ఒక అంకె ఉంటుంది. యంత్రాలు, తర్కం, నిదానంతో కూడిన పని అయితే పాచిక ఆ అంకె కంటే తక్కువ పడాలి. మనుషులతో మాట, ఆవేశం, సాహసంతో కూడిన పని అయితే ఎక్కువ పడాలి. యంత్రాలలో నేర్పరి అయినవాడు మనుషుల వద్ద తడబడడం ఈ ఒక్క అంకె వలననే జరుగుతుంది. పాచిక సరిగ్గా ఆ అంకెనే చూపితే ఆటగాడు నిర్వాహకుని ఒక ప్రశ్న అడిగి నిజమైన సమాధానం పొందవచ్చు.

ఇవి కూడా చూడండి

* వైకుంఠపాళి
* పచ్చీసు
* సంభావ్యత
* ఆదిత్య 369
* నారాయణఖేడ్