సైరంధ్రి నూరిన గంధం

నేలకొండపల్లి అనగానే మనకు భక్త రామదాసు గుర్తుకొస్తాడు. కంచర్ల గోపన్న పుట్టిన ఊరు కదా! అయితే ఆ ఊరివాళ్లు ఇంకో కథ కూడా చెబుతారు. ఊరి దగ్గరున్న పెద్ద దిబ్బ విరాటరాజు దిబ్బట, పాండవులు అజ్ఞాతవాసం చేసిన విరాటనగరం ఇదేనట. కీచకుడి పేరుతో గుండం కూడా ఉంది. చరిత్రకారులు ఒప్పుకోరు లెండి. విరాటనగరమంటే రాజస్థాన్‌లో జైపూరుకు ఆవలనున్న బైరాట్ అంటారు వాళ్లు. నేలకొండపల్లిలో పురావస్తు శాఖవారు తవ్వితే బయటపడినవి బౌద్ధ స్తూపమూ, విహారాల పునాదులూ, బావులూ, మట్టిబొమ్మలూ, కంచు బుద్ధ విగ్రహమూ. తమాషా ఏమిటంటే, ఆ బైరాట్‌లోనూ బౌద్ధ కట్టడాలు ఉన్నాయి!

కథ నిజమా, కాదా అన్నది అలా ఉంచండి. అందులో ద్రౌపది చేసిన కొలువేమిటో ఎప్పుడైనా ఆలోచించారా? సైరంధ్రి అంటే రాణిగారికి తల దువ్వి, జడ వేసి, పూలదండలు కట్టి, మైపూతలు నూరే మనిషి. ఇవాళ బ్యూటీ పార్లర్లలో అమ్మాయిలు చేస్తున్న పనే. తిక్కనగారు 13వ శతాబ్దంలో భారతాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టింది ఈ విరాటపర్వంతోనే. రాత్రివేళ ద్రౌపది వంటశాలకు వెళ్లి భీముణ్ణి లేపుతుంది. కీచకుడి సంగతి చెబుతూ చెబుతూ, విరాటరాజుకు గంధం నూరి నూరి కాయలు కాచిన అరచేతులు చూపిస్తుంది. అంతటి భీముడూ ఆ చేతుల్ని మొహానికి ఆనించుకుని ఏడుస్తాడు. ఒకరి ఒంటికి పూసే మెత్తని గంధం వెనుక ఇంకొకరి అరచేయి ఉందన్న మాట. అలంకారాల చరిత్ర చెప్పేవాళ్లు ఈ సంగతి ఎందుకో దాటేస్తారు.

గ్రంథాలు రాసినవాళ్లు పురుషులే. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తి అని ఒక అధ్యాయమే పెట్టాడు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసంలో స్నానభోగం పేరుతో తలంటు నూనెలూ, ఒంటి పూతలూ వర్ణించాడు. మన కాకతీయులు ఒకప్పుడు ఆ చాళుక్యులకే సామంతులు. రాజుగారి స్నానం పుస్తకానికి ఎక్కింది. మన ఇళ్లలో నలుగు పిండి మాత్రం గుప్పెడూ, చిటికెడూ లెక్కన ఒక చేతి నుంచి ఇంకొక చేతికి వచ్చింది.

తర్వాత సబ్బు వచ్చింది. 1888లో సన్‌లైట్ సబ్బు కలకత్తా రేవులో దిగింది. ఆ తర్వాత మైసూరు సంస్థానంవారే గంధపు సబ్బు తయారీ మొదలుపెట్టారు. నలుగు మెల్లమెల్లగా పెళ్లిపీటల మీదికీ, నరక చతుర్దశి తెల్లవారుజాముకీ పరిమితమైపోయింది.

రాసిపెట్టకపోతే ఏమవుతుందో 1995లో తెలిసివచ్చింది. పసుపుతో గాయాలు మానతాయన్నది తమ ఆవిష్కరణ అంటూ అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రం పేటెంటు పుచ్చుకుంది! కూర తరుగుతూ వేలు తెగితే మనం పసుపు అద్దడం లేదూ? కానీ అమ్మమ్మ చెప్పిందంటే పేటెంటు ఆఫీసు వినదు, అచ్చులో చూపించమంటుంది. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి సంస్కృత గ్రంథాలూ, 1953 నాటి భారత వైద్య సంఘం పత్రికలోని వ్యాసమూ వెతికి తీసి చూపించాక, 1997లో ఆ పేటెంటు రద్దయింది.

అందుకని మా ఇంటి కొలత చెబుతాను, రాసుకోండి. పెసలు కిలో, శనగపప్పు పావుకిలో, పసుపు కొమ్ములు 50 గ్రాములు, కచ్చూరాలు 50 గ్రాములు, వట్టివేళ్లు 25 గ్రాములు, నీడన ఎండిన గులాబీ రేకులు రెండు గుప్పిళ్లు. పసుపు కొమ్ములు దంచి ముక్కలు చేసి, గులాబీ రేకులు తప్ప మిగతావన్నీ రెండు రోజులు ఎండబెట్టి, అన్నీ కలిపి మర పట్టించి, జల్లించుకోండి. ముందు ఒంటికి నువ్వులనూనె రాసుకుని, పావుగంట ఆగి, పిండి తడిపి నలుచుకోవాలి. పిండి ఆ నూనెను పీల్చుకుంటుంది, నూనెతోబాటు మట్టీ ఊడివస్తుంది. చర్మానికి సహజంగా కాస్త ఆమ్లగుణం ఉంటుంది. సబ్బుది క్షారగుణం. అందుకే పొడిచర్మం వాళ్లకు సబ్బుకన్నా నలుగు హాయి. తలకు కుంకుడుకాయలు ఉండనే ఉన్నాయి. వాటి నురుగు సపోనిన్లనే పదార్థాలవల్ల వస్తుంది. భద్రాచలం అడవుల్లో గిరిజనులు ఏరి తెచ్చే సరుకుల్లో అవీ ఉంటాయి.

చాలామంది బావంచాలు కూడా కలుపుతారు. నేను మానేశాను. వాటిలో సోరాలెన్ అనే పదార్థం ఉంది. అది ఒంటికి పట్టి ఎండలోకి వెళితే చర్మం కమిలి, నల్లబడుతుంది. బొల్లికి వైద్యులు సోరాలెన్ ఇచ్చి, ఆపైన కొలిచి వెలుగు చూపించేది ఆ గుణం కోసమే. నిమ్మరసం మొహాన రాసుకుని డాబా ఎక్కినా అదే తంటా.

పసుపు పొడి మాత్రం కొనవద్దు. రంగు కోసం లెడ్ క్రోమేట్ కలిపే మహానుభావులున్నారు. అది సీసం, విషం. కొమ్ములే కొనుక్కోండి. కొమ్ములకూ ఆ రంగు పట్టిస్తారు సుమండీ, మరీ ధగధగలాడుతుంటే వదిలేసి, కాస్త మట్టిరంగులో ఉన్నవే ఏరుకోండి.