దాచే శ్రమే సాక్ష్యం: అవహిత్థ నుంచి ఊర్మిళ దాకా

నాట్యశాస్త్రం లెక్కించిన 33 సంచారీ భావాల్లో అవహిత్థది ఒక వింత స్థానం. శంక, అసూయ, దైన్యం, హర్షం వంటివి మనసులో ఏముందో చెబుతాయి. అవహిత్థ మాత్రం మనసులో ఉన్నది పైకి తేలకుండా తొక్కిపెట్టే ప్రయత్నం. సిగ్గు, భయం, ఓటమి, పెద్దల పట్ల గౌరవం, కుటిలత్వం దీనికి కారణాలన్నాడు భరతుడు. వేరే మాట ఎత్తుకోవడం, మాట మధ్యలో తెగిపోవడం, తెచ్చిపెట్టుకున్న ధైర్యం దీని గుర్తులన్నాడు. దాచడానికి మనిషి చేసే ఈ పనులే రంగస్థలం మీద నటుడికి అభినయ సామగ్రి కావడం గమనించదగ్గది. ప్రేక్షకుడి కంటికి దాగిన భావం ఎప్పుడూ ఆనదు, దాన్ని దాచడానికి పడే శ్రమ ఆనుతుంది. కవిత్వం పై రూపాన్ని తొలగించి లోపలి నిజాన్ని చూపిస్తుందని అనడం మనకు అలవాటు. ఆ మాట సగమే నిజం. మంచి కవి ముసుగును ఉన్నచోటే ఉంచి, దాన్ని సర్దుకుంటున్న చేతి మీద మన చూపు నిలుపుతాడని ఈ వ్యాసం వాదన.

ముసుగు ఎందుకు ఉండి తీరాలో అలంకారశాస్త్రం ఒక దోషనిర్ణయం ద్వారా చెప్పింది. రసాన్నో భావాన్నో దాని పేరుతోనే చెప్పెయ్యడాన్ని, అంటే స్వశబ్దవాచ్యత్వాన్ని, ఆలంకారికులు రసదోషాల్లో చేర్చారు. ఫలానా ఆమె సిగ్గుపడిందని రాస్తే పాఠకుడికి ఒక సమాచారం అందుతుంది, సిగ్గు అందదు. కుమారసంభవం ఆరో సర్గలో కాళిదాసు ఏం చేశాడో చూద్దాం. అంగిరసుడు హిమవంతుడి ముందు శివుడి తరఫున పెళ్లి మాట ఎత్తుతాడు. తండ్రి పక్కన తల వంచుకున్న పార్వతి చేతిలోని లీలాకమలం రేకులు లెక్కపెడుతూ ఉంటుంది. ఆమె మనసు గురించి ఆ శ్లోకంలో ఇంకేమీ లేదు. ఆమెకు కవి అప్పగించిన పని మీద కాస్త ఆగాలి. రేకులు తుంచితే తత్తరపాటు బయటపడేది, పువ్వు వాసన చూస్తే విలాసం అనిపించేది. లెక్కపెట్టడం ధ్యాస ఉంటే తప్ప సాగని పని. ధ్యాస మరెక్కడో ఉందని దాచుకోవడానికి అంతకంటే నమ్మకమైన పని దొరకదు. సభలో ఉన్నవాళ్లకు కనిపించేది పువ్వుతో పొద్దుపుచ్చుతున్న పిల్ల. ఐదో సర్గ దాటి వచ్చిన పాఠకుడికి మాత్రం, ఆకులు తినడం కూడా మాని తపస్సు చేసినది ఈ పిల్లేనని గుర్తుంటుంది.

ఈ శ్లోకం మీద పెద్దల మధ్య ఉన్న తేడా కూడా మన వాదనకు పనికొస్తుంది. 9వ శతాబ్దపు ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో దీన్ని అర్థశక్తి వల్ల పుట్టిన ధ్వనికి, అంటే మాటల్లో చెప్పకుండానే తోచే అర్థానికి, ఉదాహరణగా తీసుకున్నాడు. ఇక్కడ తోచేది లజ్జ. దశరూపకానికి వ్యాఖ్య రాసిన ధనికుడు దీన్నే అవహిత్థకు ఉదాహరించాడు. ఒకరు దాగిన భావానికి పేరు పెట్టారు, మరొకరు దాచడానికి పేరు పెట్టారు. ధ్వన్యాలోక వ్యాఖ్యాత అభినవగుప్తుడు ఇంకో అడుగు ముందుకు వేసి, తల వంచుకోవడం, రేకులు లెక్కపెట్టడం ఆడపిల్లల్లో వేరే కారణాల వల్లా ఉండవచ్చునని ఒప్పుకున్నాడు. వెనకటి తపస్సు గుర్తొచ్చాకే మనసు లజ్జ దగ్గర ఆగుతుందన్నాడు. నా దృష్టిలో ఈ చర్చ మొత్తంలో విలువైన మాట ఇదే. గుర్తు దానంతటది ఏ భావానికీ కట్టుబడి ఉండదు. పైకి కనిపించేది పూర్తిగా అమాయకంగా ఉండగలగాలి, అలా ఉన్నప్పుడే దాపరికం దాపరికం అవుతుంది.

మాటల్లో జరిగే దాపరికానికి హాలుడి గాథాసప్తశతిని మించిన నిధి లేదు. శాతవాహన రాజు పేరున నిలిచిన ఈ ప్రాకృత సంకలనం మనకు పరాయిది కాదు. శ్రీనాథుడు తొలి యౌవనంలో దీన్ని తెలుగు చేశానని చెప్పుకున్నాడు, ఆ గ్రంథం మాత్రం మనకు దక్కలేదు. ఆనందవర్ధనుడు తన సిద్ధాంతానికి మొదటి ఉదాహరణగా ఎంచుకున్న గాథలో ఒక స్త్రీ ఒక ధర్మపరుడితో మాట్లాడుతుంది. అతను భయపడే కుక్కను గోదావరి ఒడ్డు పొదల్లో ఉంటున్న సింహం చంపేసింది కనుక ఇక నిశ్చింతగా తిరగవచ్చునని చెబుతుంది. పైకి ఇది అనుమతి, లోపల నిషేధం. ఆ పొదలు ఆమె ప్రియుణ్ణి కలుసుకునే చోటు. మరో గాథలో ఇంటికి వచ్చిన బాటసారికి ఇల్లాలు అత్తగారు పడుకునే చోటు, తాను పడుకునే చోటు చూపించి, రేచీకటి వాడివి, మా పక్కల మీద పడేవు సుమా అని హెచ్చరిస్తుంది. ఇక్కడ పైది నిషేధం, లోపలిది ఆహ్వానం. విధి, నిషేధాల ఈ తారుమారు దగ్గరే శాస్త్రకారులు తృప్తిపడ్డారు. నాకు అది చాలదనిపిస్తుంది. మొదటి గాథలో ఆమె దాస్తున్నది నిషేధాన్ని ఒక్కదాన్నే కాదు, ఉన్న ఒక్క చోటూ పోతుందేమోనన్న బెదురును కూడా. కుక్కకు బెదిరే మనిషికి సింహం కబురును శుభవార్తలా చెప్పడంలోని అతి ఉత్సాహం ఆ బెదురును పట్టిస్తుంది. భరతుడు చెప్పిన తెచ్చిపెట్టుకున్న ధైర్యం ఇదే.

ఈ ధ్వని సిద్ధాంతానికి 11వ శతాబ్దంలోనే గట్టి ఆక్షేపణ వచ్చింది. వ్యక్తివివేకం రాసిన మహిమభట్టు ధ్వని అనే వేరే వ్యాపారం అక్కర్లేదన్నాడు. పొగను చూసి నిప్పును ఊహించినట్టే, సింహం ఉందన్న మాట నుంచి అక్కడికి పోకూడదని అనుమానిస్తాం, అంటే తర్కంతో ఊహిస్తాం, అంతే. మమ్మటుడు కావ్యప్రకాశం ఐదో ఉల్లాసంలో ఇచ్చిన జవాబు తర్కంగానే మొదలై తర్కాన్ని దాటిపోతుంది. పిరికివాడు కూడా గురువు ఆజ్ఞ వల్లనో, ప్రియురాలి మీది ప్రేమ వల్లనో భయం ఉన్నచోటికి వెళ్లవచ్చు. కుక్కకు జంకేవాడు సింహానికి జంకకపోవచ్చు. అసలు సింహం ఉందనడానికి ఆమె మాట తప్ప ఆధారమేది? చివరి ప్రశ్నలోనే కీలకం ఉంది. హేతువే అబద్ధమైతే అనుమానం కూలిపోతుంది, కవిత్వం మాత్రం కూలదు. సింహం లేదని తేలితే ఆమె మనసు మనకు ఇంకా దగ్గరవుతుంది. అబద్ధం కూడా సాక్ష్యంగా చెల్లే చోటు కవిత్వం.

ఈ రహస్యార్థాలన్నీ వ్యాఖ్యాతల కల్పన అనేవారూ ఉన్నారు. ఎవరు ఎవరితో అంటున్నారో గాథ చాలాసార్లు చెప్పదు. గంగాధరభట్టు వంటి వ్యాఖ్యాతలు సందర్భాన్ని చేర్చారు. కొన్నిచోట్ల అది బలవంతంగా అంటించినట్టే ఉంటుంది, అక్కడ ఆక్షేపణ న్యాయమే. కానీ సందర్భం చెరిపేసినా మాటకూ మాట్లాడే తీరుకూ మధ్య పొసగనితనం గాథలో మిగిలే ఉంటుంది. కొత్తగా వచ్చిన బాటసారికి పడకల అమరిక అంత వివరంగా ఎందుకన్నది మూలంలోనే పుట్టే ప్రశ్న. వ్యాఖ్యాత జవాబు తప్పు కావచ్చు, అంతమాత్రాన ప్రశ్న అతనిది కాదు.

ఇంతకంటే బరువైన ఆక్షేపణ మరొకటి ఉంది. ఈ ఉదాహరణల్లో దాచుకునేది ఎప్పుడూ స్త్రీయే, దాన్ని అందంగా ఆస్వాదించేది మాత్రం రాజసభలోని రసికుడు. నోరు విప్పలేని బతుకును చమత్కారమని మెచ్చుకోవడం ఏం న్యాయం? శాస్త్రకారుల మీద ఈ అభియోగం నిలుస్తుందనే నా అభిప్రాయం. కవిత్వం మీద నిలుస్తుందా అన్నది చూడటానికి తెలుగు స్త్రీల పాట ‘ఊర్మిళాదేవి నిద్ర’ దగ్గరికి రావాలి. రసికులు మెచ్చేందుకు కాక, ఇళ్లలో ఆడవాళ్లు తమలో తాము పాడుకున్న పాట అది. భర్త అడవికి పోయాక నిద్రలో మునిగిన ఊర్మిళ, పద్నాలుగేళ్ల తర్వాత పక్కన చేరిన లక్ష్మణుణ్ణి పరాయి మగవాడనుకుంటుంది. పరస్త్రీని కోరి చెడిన ఇంద్రుణ్ణీ, రావణుణ్ణీ ఎత్తి చూపి మందలిస్తుంది. పైకి ఇది పతివ్రత ధర్మబోధ, ఏ అత్తగారూ తప్పుపట్టలేనిది. అయితే ఆ మందలింపు చేరుతున్నది ఎవరికి? వదిలిపోయిన భర్తకే. లక్ష్మణా, నువ్వు నాకు పరాయివాడివయ్యావన్న మాటను ఆ ఇంట్లో ఏ కోడలూ భర్త ముఖం మీద అనలేదు. గుర్తుపట్టకపోవడమే ఆ మాటను ఆమె చేత అనిపించింది. నిజంగా గుర్తుపట్టలేదా, పట్టనట్టు ఉందా అన్న దాన్ని పాట తేల్చదు, తేల్చకూడదు కూడా. గోదావరి ఒడ్డు గాథను వ్యాఖ్యానించడానికి కాశ్మీర పండితులు మూడు శతాబ్దాలు వెచ్చించారు. అంతే నేర్పుతో అల్లిన ఈ పాట మాత్రం మన అలంకారశాస్త్ర పాఠాల్లో ఉదాహరణగా నాకు కనిపించలేదు. ధ్వని పాఠం చెప్పే తెలుగు అధ్యాపకులు సింహం గాథ పక్కన దీన్నీ పెట్టి చెప్పాలి.