పెట్టెకు నోరెందుకు? : ధ్వనిపేటికా రంధ్రముల చరిత్ర

నంద్యాలకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, నల్లమల కొండల అడుగున మహానంది క్షేత్రము కలదు. మహాశివరాత్రి తిరునాళ్లకు అచ్చటికి పోయినవారు రెండు శబ్దములను వినియుందురు. మొదటిది, నీటిధార క్రింద పెట్టిన బిందె నిండుచున్నప్పటి శబ్దము. ఖాళీ బిందెలో అది బొంగురుగా ఉండి, నీరు పైకి వచ్చినకొలది సన్నబడును. బిందె నిండవచ్చినదని చూడకయే చెవితో చెప్పగలము. రెండవది, పెద్ద పెద్ద స్పీకరు పెట్టెలనుండి వచ్చి గుండెలను తాకు మోత. ఆ పెట్టెలను పరికించినచో, స్పీకరు శంకువు ప్రక్కన ఒక గుండ్రని రంధ్రముగాని, లోనికి పోవు గొట్టముగాని కనబడును. దానిని పోర్టు అందురు.

బిందె మూతియు, పెట్టె పోర్టును ఒకే సూత్రమునకు లోబడి పనిచేయుచున్నవి. అయినను సొంతముగా సబ్‌వూఫరు పెట్టెను చేసికొను యువకులలో పలువురు, వేరొక పెట్టెను చూచి ఆ కొలతకే రంధ్రమును కోయుచుందురు. ‘రంధ్రము పెద్దదైన మోత పెద్దది’ అని కొందరి నమ్మకము. ఫలితముగా పాటలోని ప్రతి మంద్రస్వరమును ఒకే గుబగుబగా వినబడును. ఒక్కొక్కప్పుడు శంకువే చినిగిపోవును. పోర్టు అలంకారము కాదు, గాలి ఆడుటకు తీసిన కిటికీయు కాదు. అది లెక్కకు లొంగెడి యంత్రభాగము. ఆ లెక్క కుదురుటకు శాస్త్రజ్ఞులకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రను తెలిసికొందము.

కుండ, వీణ, మృదంగము

బోలుపాత్రలోని గాలి పలుకునను సంగతి ప్రాచీనులెరుగుదురు. క్రీస్తుకు పూర్వము మొదటి శతాబ్దమున రోమను వాస్తుశిల్పి విట్రూవియస్, నాటకశాలలలో ఆసనముల నడుమ కంచుపాత్రలనుంచి ధ్వనిని పెంపొందించు పద్ధతిని వర్ణించెను.

మన వాద్యములలో ఘటము దీనికి చక్కని ఉదాహరణము. వాద్యకారుడు కుండ మూతిని తన పొట్టకు దగ్గరగా ఆనించును, మరల దూరముగా జరుపును. మూతి కొంత మూసికొనినప్పుడు మంద్రధ్వని ఇంకను క్రిందికి దిగును. అనగా రంధ్రపు వైశాల్యమును మార్చి స్వరమును మార్చుచున్నాడన్నమాట. బొబ్బిలి వీణను చూడుడు. గొల్లపల్లి శిల్పులు పనసమ్రానునుండి ఒకే ముక్కగా తొలిచెడి ఆ వీణ కుండకు పైపలకమీద సన్నని రంధ్రముల గుంపులుండును. లోపలి గాలికిని వెలుపలి గాలికిని అవియే సంబంధమును కల్పించుచున్నవి.

మృదంగము సంగతి వేరు. దాని రెండు ముఖములును చర్మముతో మూయబడి యుండును. విశాఖపట్టణమున మెట్రిక్యులేషను చదివిన సి. వి. రామన్, శివకాళి కుమార్‌తో కలిసి 1920లో ‘నేచర్’ పత్రికలో మన చర్మవాద్యములను గూర్చి ఒక వ్యాసమును ప్రకటించెను. చర్మము నడుమ వేసిన నల్లని పూత వలననే ఆ వాద్యములకు శ్రుతిబద్ధమైన స్వరములు కలుగుచున్నవని నిరూపించెను. మూసిన పెట్టెయందు ప్రధానముగా పలుకునది పొర. నోరున్న పాత్రయందు గాలికి కూడ స్వంతగొంతు కలదు. స్పీకరు పెట్టెలలోను ఈ రెండు జాతులే ఉన్నవి.

హెల్మ్‌హోల్ట్జ్ గోళములు

ఈ గాలి గొంతునకు శాస్త్రమును కల్పించినవాడు జర్మనీదేశస్థుడైన హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ (1821-1894). ఆయన వృత్తిచే వైద్యుడు, మేధచే భౌతికశాస్త్రజ్ఞుడు. సంగీతధ్వనిలో ఏయే స్వరములు కలిసియున్నవో వేరుచేసి వినుటకై, వేర్వేరు పరిమాణములుగల బోలుగోళములను ఉపయోగించెను. ప్రతి గోళమునకు ఒకవైపు నోరు, మరొకవైపు చెవిలో ఇముడు సన్నని మొన ఉండెడివి. గోళమునకు సరిపడు స్వరము వచ్చినప్పుడు మాత్రమే అది చెవిలో గట్టిగా మ్రోగెడిది. ఈ పరిశోధనలను ఆయన 1863లో గ్రంథరూపమున వెలువరించెను.

సూత్రమిది. పాత్ర మెడలోనున్న గాలి ఒక చిన్న బిరడావంటిది. దానికి బరువు కలదు. పాత్ర కడుపులోని గాలి స్ప్రింగువంటిది. నొక్కిన వెనుకకు నెట్టును. స్ప్రింగుకు కట్టిన బరువు ఒక నియతమైన వేగముతో ఊగునట్లే, ఈ గాలిబిరడాయును సెకనుకు ఇన్ని పర్యాయములని ఊగును. ఆ సంఖ్యయే దాని సహజ పౌనఃపున్యము. కడుపు పెద్దదైన స్ప్రింగు మెత్తబడును, స్వరము దిగును. మెడ పొడవైన బరువు పెరుగును, స్వరము దిగును. మెడ వెడల్పైన స్వరము హెచ్చును.

సన్నమెడగల సీసాతో తరగతిలోనే దీనిని పరీక్షింపవచ్చును. ఖాళీ సీసా మూతిపై ఊది స్వరమును గుర్తింపుడు. సీసా కడుపులో మూడువంతులు నీరుపోసి మరల ఊదుడు. గాలి నాల్గవవంతుకు తగ్గుటచే స్వరము రెట్టింపై, సుమారుగా పై స్థాయి షడ్జమము వినవచ్చును.

ఆంగ్ల శాస్త్రవేత్త లార్డ్ రేలీ 1871లో ఈ సిద్ధాంతమునకు మెరుగు పెట్టెను. మెడ చివరలయందలి గాలి కూడ కొంత మేర మెడతోపాటు ఊగునని, కావున మెడపొడవుకు కొంత కలుపవలెనని ఆయన చూపెను. ‘ధ్వని సిద్ధాంతము’ అను ఆయన ఉద్గ్రంథము 1877-78లో వెలువడినది. నేడు పోర్టు పొడవును లెక్కించువారు ఈ సవరణను విడిచినచో లెక్క తప్పును.

శంకువు వెనుకనున్న శత్రువు

1925లో అమెరికాయందు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అను ఇంజనీర్లు, తీగచుట్టతో కదలెడి కాగితపుశంకువు గల లౌడ్‌స్పీకరును వివరించిరి. నేటి స్పీకర్లు చాలవరకు దాని సంతతియే. ఇందొక చిక్కు కలదు. శంకువు ముందుకు కదలినప్పుడు ముందు గాలి నొక్కుకొనును, వెనుక గాలి పలుచబడును. ఈ రెండు తరంగములు కలిసికొన్నచో ఒకదానినొకటి రద్దుచేసికొనును. మంద్రస్వరములకు ఈ నష్టము మరింత హెచ్చు. ఏలయన సెకనుకు 35 కంపనముల ధ్వనికి తరంగదైర్ఘ్యము దాదాపు 10 మీటర్లు. దానిని బల్లతో అడ్డగింపవలెనన్న గోడయంత బల్ల కావలెను. శంకువు వెనుకభాగమును పెట్టెలో మూసివేయుట ఒక మార్గము. కాని అప్పుడు సగము శబ్దము పెట్టెలోనే వృథాయగును.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన ఆల్బర్ట్ థురాస్ ఈ శత్రువును మిత్రునిగా మార్చెను. 1930లో దరఖాస్తు చేసి 1932లో ఆయన పొందిన పేటెంటు పోర్టుపెట్టెకు మూలము. పెట్టెలోని గాలిస్ప్రింగు, పోర్టులోని గాలిబిరడా కలిసి హెల్మ్‌హోల్ట్జ్ గోళమగును. సహజ పౌనఃపున్యమునకు పైనున్న స్వరములలో ఆ బిరడా శంకువు వెనుకవైపునకు ఎదురుగా ఊగి, ముందువైపు తరంగమునకు తోడ్పడును. సరిగా ఆ పౌనఃపున్యమువద్ద శంకువు దాదాపు కదలదు. ధ్వనిలో అధికభాగము పోర్టునుండియే వెలువడును.

అయితే ఆ హద్దు దిగువన పరిస్థితి తారుమారగును. శంకువు లోనికి పోయినప్పుడు గాలి ఊరక బయటికి పోవును. స్ప్రింగు సహాయము తొలగి శంకువు విచ్చలవిడిగా ఊగును, ధ్వనియు రద్దగును. గట్టిగా మ్రోగించిన శంకువులు చినుగుటకు ఇదియొక కారణము.

ఊహనుండి పట్టికకు

థురాస్ మార్గము చూపెనుగాని, ఏ స్పీకరుకు ఏ పెట్టె, ఏ పోర్టు తగునో చెప్పు సులభమైన లెక్క చాలకాలము లేకుండెను. కోసి, విని, మరల కోయుటయే పద్ధతి. 1954లో ఎడ్గార్ విల్చర్ చిన్న మూసినపెట్టెలోనే మంచి మంద్రధ్వనిని సాధించిన తరువాత, పోర్టు వట్టి గొడవయని పలువురు తలచిరి.

1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్, రంధ్రముగల పెట్టెలను గూర్చి ఒక వ్యాసమును ఆ దేశపు పత్రికలో ప్రకటించెను. పెట్టెను, స్పీకరును, పోర్టును కలిపి ఒక విద్యుత్ వడపోతవలయముగా భావించి, 28 విధముల అమరికలకు పట్టిక కూర్చెను. ప్రపంచము దానిని పదేండ్లు పట్టించుకొనలేదు. 1971లో అమెరికా పత్రిక దానిని పునర్ముద్రించినది. సిడ్నీ విశ్వవిద్యాలయమున పరిశోధన చేసిన రిచర్డ్ స్మాల్ 1972-73లో ఆ మార్గమును విస్తరింపజేసెను. అప్పటినుండి స్పీకరు స్వభావమును కొన్ని సంఖ్యలతో తెలుపుట ఆచారమైనది. వానిలో ముఖ్యమైనవి మూడు: దాని సహజ పౌనఃపున్యము, దాని ఊపు ఎంత త్వరగా అణగునో తెలుపు సంఖ్య, దాని బిగువుతో సమానమైన బిగువుగల గాలి ఘనపరిమాణము. వీనినే థీల్-స్మాల్ సంఖ్యలందురు. పేరున్న స్పీకర్లతో వచ్చు కాగితముపై ఇవి ముద్రింపబడి యుండును. మొదట పెట్టె పరిమాణమును, పౌనఃపున్యమును నిర్ణయించునవి ఇవియే.

ఒక లెక్క

ఒక స్పీకరుకు 50 లీటర్ల పెట్టె, సెకనుకు 35 కంపనముల పోర్టు తగునని తేలినదనుకొందము. గొట్టముల కొరకు దూరము పోనక్కరలేదు. భాభా అణు పరిశోధన కేంద్రములో పనిచేసి వచ్చిన ఎస్. పి. వై. రెడ్డి నంది పైపుల కర్మాగారమును నంద్యాలలోనే స్థాపించెను. రాయలసీమ పొలములలో పి.వి.సి. పైపుముక్కలకు కొదువలేదు. లోపలి వ్యాసము 10 సెంటీమీటర్లు గల ముక్కను తీసికొందము. దాని వైశాల్యము 78.5 చదరపు సెంటీమీటర్లు.

సూత్రము: వైశాల్యమును పెట్టె ఘనపరిమాణముచేతను, గొట్టపు సవరించిన పొడవుచేతను భాగించి, వర్గమూలము తీసి, ధ్వనివేగముచే గుణించి, 6.28చే భాగించిన పౌనఃపున్యము వచ్చును. ధ్వనివేగము 20 డిగ్రీలవద్ద సెకనుకు 34,300 సెంటీమీటర్లు. 35 కంపనములు రావలెనన్న సవరించిన పొడవు 38.2 సెంటీమీటర్లుండవలెను. రేలీ చెప్పిన చివరల సవరణ, ఒక చివర పలకకు అంటియుండి రెండవది విడిగా ఉన్నప్పుడు, వ్యాసార్ధమునకు 1.46 రెట్లు; అనగా 7.3. కావున గొట్టమును సుమారు 31 సెంటీమీటర్లకు కోయవలెను.

గొట్టము లేక, 18 మిల్లీమీటర్ల పలకలో అదే వెడల్పున రంధ్రము మాత్రమే కోసినచో ఏమగును? సవరించిన పొడవు 10.3 సెంటీమీటర్లే. పౌనఃపున్యము 67కు ఎగబ్రాకును. తిరునాళ్లలో వినబడు గుబగుబకు ఇట్టి పెట్టెలు కొంతవరకు కారణము.

5 సెంటీమీటర్ల సన్నగొట్టమైనచో 6 సెంటీమీటర్ల పొడవు చాలును. పౌనఃపున్యము అదే 35. చవుక బేరమని తోచును. కాని అంతే గాలి నాల్గవవంతు వైశాల్యమున పోవలసి వచ్చుటచే దాని వేగము నాల్గురెట్లగును. వేగము సెకనుకు సుమారు 17 మీటర్లు మించినచో గాలి బుసకొట్టును. అందుచే గొట్టము ఎంత వెడల్పైన అంత మేలు. వెడల్పు పెరిగినకొలది పొడవును పెంచవలెను. స్పీకరు, గొట్టము ఆక్రమించు చోటును విడిచి మిగిలినదానినే 50 లీటర్లుగా లెక్కింపవలెను. మన ఎండలవలన భయము లేదు. 35 డిగ్రీల వేడిలో ధ్వనివేగము పెరిగినను, పౌనఃపున్యము 35 నుండి 36కు మాత్రమే మారును.

పెట్టె పూర్తియైన పిమ్మట పరీక్ష సులభము. సెల్‌ఫోనులోని స్వరజనక అప్లికేషనుతో 60 నుండి మెల్లగా దిగుచు, శంకువును గమనింపుడు. దాని కదలిక మిక్కిలి తగ్గినచోటనే పోర్టు పలుకుచున్నది. అది 35కు పైనున్నచో గొట్టము పొట్టిది. దిగువనున్నచో కొంచెము కోయవచ్చును. కోసినది మరల అతుకుట కష్టము గనుక, మొదట పొడవుగా ఉంచుటయే వివేకము.

ఇట్లు అమర్చిన పెట్టెకు తక్కువ శక్తితోనే లోతైన ధ్వని వచ్చును. ఈ లోతైన ధ్వనికి గోడలు సరిగా అడ్డుపడవు. బాలింతలను, రోగులను, నల్లమల అడవిలోని ప్రాణులను అది సమముగానే తాకును. 2000లో వచ్చిన శబ్దకాలుష్య నిబంధనలు సాధారణముగా రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు లౌడ్‌స్పీకర్లను నిషేధించుచున్నవి. ఎంత లోతుగా పలుకవలెనో లెక్కగట్టి పెట్టెను చేసినవానికి, ఎంత గట్టిగా పలికింపవలెనో కూడ తెలిసియుండవలెను.