మారుతి కంటే ముందు రాసిన బోర్డు

విజయవాడ ఆటోనగర్ గేటు లోపల, లేత్ షెడ్ల వరస దాటాక వచ్చే సందులోని పాత రేకుల షెడ్డును పడగొట్టబోతున్నారు. స్థలం చేతులు మారింది, కొన్నవాళ్లు కట్టుకుంటారు. నా ఆరాటమంతా షెడ్డు నుదుటిన ఉన్న బోర్డు కోసం. దాని మీద నీలి రంగులో ఇలా ఉంది: “అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్. ఎస్.యు., సోలెక్స్ కార్బురేటర్లు ఓవరాలింగ్ చేయబడును.” అడుగున ఎర్ర రంగుతో, వేరే చేతిరాతలో “మారుతి” అని ఉంది.

మన ఆటోనగర్ గురించి రాసినవాళ్లు లారీతో మొదలుపెట్టి లారీతోనే ముగిస్తారు. 1960ల్లో వర్క్‌షాపులు పటమట అవతలికి చేరడం, బాడీ బిల్డింగుకు దేశమంతా పేరు రావడం నిజమే. కానీ కారు పని మారుతి వచ్చాకే ఇక్కడ మొదలైందని తేల్చేయడం అన్యాయం. మొదటి మారుతి 800 రోడ్డెక్కింది 1983 డిసెంబరులో. ఆ పేరు బోర్డు మీద తర్వాత ఎక్కించిందని రంగే చెబుతోంది. పై రాత అంతకు ముందుది.

అలాగని “పద్మిని అని లేదు, ఫియట్ అనే ఉంది కాబట్టి బోర్డు 1974కు ముందుదే” అనే మిత్రుల వాదననూ ఒప్పుకోను. ఆ ఏడాది కంపెనీ ఫియట్ కారు పేరును పద్మినిగా మార్చినా మనవాళ్లు ఆ బండిని చివరిదాకా ఫియట్ అనే పిలిచారు. మన గొప్ప చెప్పుకోవడానికి సాక్ష్యాన్ని సాగదీయనక్కర్లేదు.

అసలు సాక్ష్యం “కార్బురేటర్” అన్న మాటలోనే ఉంది. డీజిల్ లారీకి కార్బురేటర్ ఉండదు, ఇంజెక్షన్ పంపు ఉంటుంది. ఈ పని పెట్టుకున్న మనిషి లారీల మీద బతికే వీలు లేదు. పైగా ఎస్.యు., సోలెక్స్ రెండూ ఒకే విద్య కాదు. అంబాసిడర్‌కు ఉండే ఎస్.యు.లో ఇంజన్ పీల్చే గాలికి పిస్టన్ లేస్తుంది. దానికున్న సన్నటి సూది జెట్టులో పైకీ కిందికీ కదులుతూ పెట్రోలు కొలుస్తుంది. పైన డ్యాంపర్‌లో నూనె తగ్గితే యాక్సిలేటర్ తొక్కగానే బండి తడబడుతుంది. ఫియట్ సోలెక్స్‌లో జెట్లు కదలవు. వాటిలో నలక పడితే గాలి కొట్టి శుభ్రం చేయాలి. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై పెట్రోలు తాగేస్తుంది.

రెండింటికీ ఉన్న ఉమ్మడి రోగం త్రాటిల్ స్పిండిల్ అరుగుదల. ఆ సందులోంచి దొంగగాలి దూరి ఐడిలింగ్ నిలవదు. ఎంత సెట్టింగు చేసినా, కొత్త కిట్టు వేసినా తగ్గదు. బాడీని బోరు చేసి, ఇత్తడి బుష్షు దిగ్గొట్టి, కొత్త స్పిండిల్ వేయాలి. అందుకు లేత్ కావాలి. లారీల కోసం వచ్చిన లేత్ పక్క సందులోనే ఉండబట్టే, వేరే ఊళ్లో మార్చేయమనే కార్బురేటర్‌ను మనవాళ్లు బాగుచేసి ఇవ్వగలిగారు. కారు పని లారీ పనికి తోకగా పుట్టలేదు. రెండూ ఒకే లేత్ చుట్టూ పెరిగాయి. చరిత్ర రాసినవాళ్లకు కనబడనిది ఈ సంబంధమే.

2000 ప్రాంతంలో కాలుష్య నిబంధనలతో మారుతికీ కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది. 2014లో అంబాసిడర్ తయారీ ఆగింది. ఇప్పుడు పాత బండి ఉన్నవాళ్లు కూడా నకలు కార్బురేటర్ కొని బిగించి, అసలుదాన్ని తుక్కులో వేస్తున్నారు. అరిగిన బాడీకి బుష్షు వేసే చేతులు ఇంకా ఇక్కడ ఉన్నాయి. ముందు వాళ్లకు చూపించండి.

బందరు రోడ్డులోని బాపు మ్యూజియంలో రాతి శిల్పాలకు చోటుంది. ఈ రేకు ముక్కకూ అక్కడో, ఆటోనగర్‌లోనే ఎక్కడో ఒక గోడ దొరకాలి. దించేవాళ్లకు ఒక్క మనవి: తుప్పు గీకవద్దు, కొత్త పెయింటు వేయవద్దు. నీలానికీ ఎరుపుకూ ఉన్న ఆ తేడా పోతే మన మాటకు రుజువు పోయినట్టే.