ట్రుమెన్ సరస్సు పునరుద్ధరణ

ట్రుమెన్ దక్షిణ స్వీడన్‌లోని వెక్షో నగరంలో ఉన్న లోతు తక్కువ సరస్సు. పూడికతీతతో సరస్సును బాగుచేయడానికి ఇది ప్రామాణిక ఉదాహరణ. దశాబ్దాల పాటు నగర మురుగు, పరిశ్రమల వ్యర్థజలాలు ఇందులో కలిశాయి. 1950ల చివర్లో మురుగును మళ్ళించినా నీరు తేటపడలేదు. అడుగున పేరుకున్న బురద నుంచి భాస్వరం ఊరుతూ నాచును పెంచేది. లుండ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త స్వెన్ బ్యోర్క్ ఆధ్వర్యంలో 1970, 1971 వేసవుల్లో పీల్చు యంత్రాలతో సుమారు మీటరు మందం పూడిక తీశారు. బురదను ఒడ్డున మడుగుల్లో నిలబెట్టి, తేరిన నీటిలోని భాస్వరాన్ని అల్యూమినియం సల్ఫేట్‌తో తొలగించాకే సరస్సులోకి వదిలారు. ఎండిన బురద నగర పచ్చిక మైదానాలకు ఎరువైంది. భాస్వరం, నాచు బాగా తగ్గాయి. తర్వాత నాచును అదుపులో ఉంచేందుకు బ్రీమ్, రోచ్ చేపలను పెద్ద ఎత్తున పట్టి వాటి సంఖ్య తగ్గించారు.