పాస్‌పోర్టు వెనుక ఒక తెలుగు న్యాయమూర్తి

వర్జీనియాలోని హెర్న్‌డన్ పట్టణాన్ని ఆనుకొని ఉన్న డల్లెస్ విమానాశ్రయానికి ఆ పేరు జాన్ ఫాస్టర్ డల్లెస్ వలన వచ్చింది. ఆయన ఐసెన్‌హోవర్ ప్రభుత్వంలో విదేశాంగ మంత్రి. కమ్యూనిస్టు సంబంధాల విషయమై ప్రమాణపత్రం సమర్పించనన్న చిత్రకారుడు రాక్‌వెల్ కెంట్‌కు ఆయన శాఖ పాస్‌పోర్టు నిరాకరించింది. ప్రయాణించే హక్కు పౌరుని స్వేచ్ఛలో భాగమేనని 1958లో అమెరికా సుప్రీంకోర్టు 5–4 ఆధిక్యంతో తీర్పు చెప్పింది. తొమ్మిదేళ్ల తరువాత ఆ తీర్పును పరిశీలించి, అదే సూత్రాన్ని భారత రాజ్యాంగం నుండి వెలికితీసినవారు కోకా సుబ్బారావు.

సుబ్బారావు 1902 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. మద్రాసులో న్యాయవాదిగా రాణించి, 1948లో అక్కడి హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. 1954లో గుంటూరులో ఏర్పడిన ఆంధ్ర హైకోర్టుకు ఆయనే తొలి ప్రధాన న్యాయమూర్తి. 1958 జనవరి 31న సుప్రీంకోర్టులో ప్రవేశించారు.

అక్కడ ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చిన తీర్పు, ఆనాడు ఓడిపోయిన తీర్పే. ఖడక్ సింగ్ అనే ఉత్తరప్రదేశ్ వాసిపై వచ్చిన దోపిడీ అభియోగం సాక్ష్యం లేక వీగిపోయింది. అయినా పోలీసులు అతనిపై నిఘా మానలేదు. అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టి నిద్రలేపేవారు. 1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ రాత్రి సందర్శనలను కొట్టివేసింది. కాని రాజ్యాంగం గోప్యతా హక్కును ప్రసాదించలేదంటూ మిగిలిన నిఘాను నిలబెట్టింది. సుబ్బారావు, షా మాత్రం విభేదించారు. గోప్యత వ్యక్తిగత స్వేచ్ఛలో అంతర్భాగమనీ, నిరంతర నిఘా నడుమ సంచరించే మనిషిని స్వేచ్ఛాజీవి అనలేమనీ సుబ్బారావు వాదించారు. అమెరికా సుప్రీంకోర్టు గ్రిస్‌వాల్డ్ కేసులో గోప్యతను రాజ్యాంగ హక్కుగా గుర్తించినది 1965లో. అంటే ఈ భిన్నాభిప్రాయం వెలువడిన తరువాతనే.

1966 జూన్ 30న ఆయన భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. మరుసటి ఏడాది ఏప్రిల్ 10న సత్వంత్ సింగ్ సాహ్నీ కేసు తేలింది. దిగుమతుల విషయంలో దర్యాప్తును ఎదుర్కొంటున్న ఆ వ్యాపారిని పాస్‌పోర్టులు తిరిగి ఇవ్వమని అధికారులు ఆదేశించారు. అప్పటికి భారతదేశంలో పాస్‌పోర్టుల జారీని నియంత్రించే చట్టమే లేదు. అంతా అధికారుల ఇష్టానుసారం. విదేశయానం 21వ అధికరణంలోని వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమనీ, చట్టం లేకుండా దానిని హరించరాదనీ 3–2 ఆధిక్యంతో సుబ్బారావు తీర్పిచ్చారు. ఫలితంగా ఆ ఏడాదే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. పాస్‌పోర్టును స్వాధీనం చేసుకుంటే కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేయాలన్న నియమం ఆ చట్టంలోనిదే.

ఈ జీవితాన్ని కేవలం స్తుతిగా చదవడం సబబు కాదు. 1967 ఫిబ్రవరి 27న గోలక్‌నాథ్ కేసులో, ప్రాథమిక హక్కులను కుదించే అధికారం పార్లమెంటుకు లేదని 6–5 ఆధిక్యంతో చెప్పిన ధర్మాసనానికి ఆయనే సారథి. ఆ హక్కులలో ఆనాడు ఆస్తి హక్కు కూడా ఉండేది. భూసంస్కరణలకు ఇది అడ్డుగోడ అవుతుందన్న విమర్శ నిరాధారమైనది కాదు. 1973లో కేశవానంద భారతి కేసు గోలక్‌నాథ్‌ను తోసిపుచ్చింది. అయితే పార్లమెంటు సవరణాధికారానికి హద్దు ఉందన్న ఆలోచనను విడిచిపెట్టక, రాజ్యాంగ మౌలిక స్వరూప సిద్ధాంతంగా మలచింది.

మరొక విమర్శ మరింత గట్టిది. సాహ్నీ తీర్పు మరునాడే, 1967 ఏప్రిల్ 11న, సుబ్బారావు పదవి వీడి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలలో నిలిచి జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. ప్రభుత్వానికి వ్యతిరేకంగా అంతటి తీర్పులిచ్చిన న్యాయమూర్తి వెనువెంటనే ప్రతిపక్ష అభ్యర్థి కావడం ఆ తీర్పుల నిష్పాక్షికతపైనే అనుమానపు నీడను పరచింది.

ఆయన 1976 మే 6న మరణించారు. దేశం ఎమర్జెన్సీలో ఉంది. అంతకు ఎనిమిది రోజుల ముందే, నిర్బంధితులకు న్యాయస్థానాన్ని ఆశ్రయించే హక్కు లేదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించినపుడు, ఎమర్జెన్సీ నాటి ఆ తీర్పు రద్దయింది. ఖడక్ సింగ్ కేసులో సుబ్బారావు వ్రాసిన భిన్నాభిప్రాయం సరైనదని తేలింది. ఆ మాట వినడానికి ఆయన లేరు. అర్ధరాత్రి తలుపు చప్పుడుకు ఉలిక్కిపడిన ఖడక్ సింగ్ మొర మాత్రం, దాదాపు యాభై అయిదేళ్లు ఆలస్యంగానైనా, న్యాయస్థానానికి వినిపించింది.