కొరాపుట్ సీమలో తెలుగు చదువు: వ్యయభార మెవరిది?

లక్ష్మీపూర్ మొదలైన కొరాపుట్ గ్రామములు 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు రాజధానికి చెందియుండెను. నాడు అవి ఒరిస్సాలో చేరగా, అచ్చటి తెలుగు పిల్లల చదువునకు ధనమిచ్చువా రెవరను ప్రశ్న పుట్టెను.

జయపురాధీశుడు విక్రమదేవవర్మ సరిహద్దు నెంచక ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటేట లక్ష రూపాయ లొసంగెను. ఆయన 1951లో కీర్తిశేషుడయ్యెను. మరుసటి యేడు సంస్థానము ప్రభుత్వపరమయ్యెను. దాతపై నాధారపడు విద్య కిట్టి గండము తప్పదు.

1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధన కల్పింప యత్నించు విధిని వారు నివసించు రాష్ట్రముపైనను, స్థానిక సంస్థలపైనను ఉంచినది. కావున భారము ఒడిశాదే. అయితే అధికరణము యత్నమును కోరెనే గాని ధనమును నిర్ణయింపలేదు. వివాదమున కిదియే మూలము. ఉపాధ్యాయుని జీతము, పుస్తకముల వెల ఏటి బడ్జెటులో చేరిననే ఆ విధి నెరవేరును.